సత్తయ్య కుడి చేతికి దొరికిన పని

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది, కార్తీక మాసం మొదట్లో, ఎల్బీ నగర్‌లోని ఒక పునరావాస కేంద్రంలో సీనియర్ ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరాను. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరినవాళ్ళు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయే డే కేర్ యూనిట్ అది. మా వృత్తి సంగతి చాలామందికి తెలియదు. చచ్చుబడిన చెయ్యి పైకి లేచేలా చేసేది ఫిజియోథెరపిస్టు. లేచిన చేత్తో మనిషి అన్నం కలుపుకునేలా, చొక్కా గుండీ పెట్టుకునేలా, వీలైతే మళ్ళీ తన పనిలో పడేలా చూసేది మేము.

నేను చేరిన వారంలోనే సత్తయ్య గారిని నాకు అప్పగించారు. యాభై దాటిన మనిషి. నల్గొండ వైపు పల్లె నుంచి వయసులో ఉండగానే వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉంటూ, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. పాట ఎత్తుకునేది ఆయన, అందుకునేది మిగతావాళ్ళు. పక్షవాతం ఆయన కుడి చేతినీ, మూతి కుడి కొసనూ పట్టుకుంది. నడక చాలావరకు వచ్చింది, మాట కాస్త ముద్దగా ఉన్నా అర్థమయ్యేది. చెయ్యి మాత్రం రాలేదు. భార్య యాదమ్మ బస్‌స్టాప్ దగ్గర పూలు కట్టి అమ్మేది. ఆయన్ని మెట్రోలో తీసుకొచ్చి, తిరిగి తీసుకెళ్ళేది కూడా ఆమే.

బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోవడాన్ని మేము పించ్ గ్రిప్ అంటాం. అది రావడానికి చిల్లుల పలకలో పుల్లలు గుచ్చడం, రబ్బరు ముద్ద నలపడం లాంటివి చేయిస్తాం. సత్తయ్య గారు పలక వైపు చూసి, పుల్లలు పక్కకు నెట్టేసేవారు. ఇవి అంగన్‌వాడీ పిల్లల ఆటలని ఒకసారి అన్నారు. బతిమాలితే నాలుగు పుల్లలు గుచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు.

మా యూనిట్‌లో నీరజ అనే సైకాలజిస్టు మైండ్‌ఫుల్‌నెస్ తరగతి తీసుకునేది. చేస్తున్న పని మీదే మనసు నిలపడం అందులోని అసలు సంగతి. అందరినీ కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమనేది. సగం మంది నిద్రపోయేవారు. సత్తయ్య గారు నిద్రపోయేవారు కాదు, మధ్యలోనే లేచి వచ్చేసేవారు. ఎందుకని అడిగాను.

“కండ్లు మూస్తే గదే యాదికొస్తది మేడం,” అన్నారు. “చెయ్యి మంచిగున్నప్పటి ముచ్చట.”

మా కేంద్రం పక్క రోడ్డులో ఫంక్షన్ హాళ్ళు ఉండేవి. ముహూర్తాల రోజుల్లో బరాత్ మా గేటు ముందు నుంచే వెళ్ళేది. అలాంటి ఒక రోజు దూరంగా బ్యాండు మొదలవగానే సత్తయ్య గారు కుర్చీలోంచి లేచారు. మూత్రానికి అనుకున్నాం. బాత్రూంలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నారు. ఊరేగింపు వెళ్ళిపోయినా బయటికి రాలేదు. పడిపోయారేమోనని వాచ్‌మన్ తలుపు బద్దలు కొట్టబోయాడు. యాదమ్మ అతన్ని ఆపి, తలుపుకు నోరు ఆనించి మెల్లగా ఏదో చెప్పింది. కొంతసేపటికి గడియ తీశారు. మొహం కడుక్కుని ఉన్నారు.

ఆ రోజు యాదమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఇంట్లో టీవీలో పాట వచ్చినా కట్టెయ్యమంటాడట. క్లారినెట్ కంటికి కనపడకూడదని ఆమె తమ్ముడి ఇంట్లో పెట్టించాడట. “తిండి తింటడు, పంటడు. మనిషి మాత్రం లేడు మేడం,” అంది.

తరువాతి కేస్ కాన్ఫరెన్స్‌లో ఆయన పేరు వచ్చింది. పదిహేను రోజులకోసారి డాక్టరు, ఫిజియోథెరపిస్టు, నీరజ, నేను కూర్చుని ఒక్కో పేషెంటు గురించి నిర్ణయించే సమావేశం అది. పురోగతి ఆగిపోయిన దశను ప్లాటో అంటారు. ఆ దశ వస్తే ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పి కేసు ముగిస్తాం. వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు ఆ చోటు ఇవ్వాలి కాబట్టి అది తప్పనిసరి నియమం. సత్తయ్య గారి కేసు ముగిద్దామని డాక్టరు గారు ప్రతిపాదించారు. ఆయన తప్పేమీ లేదు, కొలతల్లో మార్పు నిజంగానే లేదు. మరుసటి సమావేశం దాకా గడువు అడిగాను. ఇచ్చారు.

భర్త థెరపీలో ఉన్నంతసేపూ యాదమ్మ వరండాలో తడిగుడ్డ పరిచి పూలు కట్టుకునేది. ఆ వారంలో ఒకరోజు నేను ఆయన కోసం వెతుకుతూ వరండాలోకి వెళ్ళాను. సత్తయ్య గారు ఆమె పక్కన కూర్చుని, బుట్టలోంచి చామంతులు ఒక్కొక్కటే తీసి ఆమె మోకాలి దగ్గర పెడుతున్నారు. ఎడమ చెయ్యి బుట్టను పట్టుకుంది. పూలు తీస్తున్నది కుడి చెయ్యి. వేళ్ళు వణుకుతున్నాయి, రెండు మూడు పూలు జారిపోయాయి, అయినా తీస్తూనే ఉన్నారు. నన్ను చూసి ఆపేశారు.

పనినే మందుగా వాడటం మా చదువులోని మొదటి పాఠం. మరునాటి నుంచి పుల్లల పలక తీసేసి ఆయన చికిత్సను వరండాలోకి మార్చాను. పూల నీళ్ళతో నేల జారుతుందనీ, పురుగులు వస్తాయనీ డాక్టరు గారు అభ్యంతరం చెప్పారు. కింద రబ్బరు చాప వేస్తామని, పని అవగానే మేమే ఊడుస్తామని ఒప్పించాను. పూలను వేళ్ళకు తగ్గట్టు ఎంచాం. మొదట చామంతులు, తరువాత లిల్లీలు, చివరికి కనకాంబరాలు. పనిని ఇలా మెట్లుగా పెంచడాన్ని గ్రేడింగ్ అంటాం.

కానీ కట్టమనేసరికి ఆయనకు కోపం వచ్చింది.

“బ్యాండు ముంగట నడిచినోన్ని. ఇప్పుడు పూలు కట్టుమంటరా?”

యాదమ్మ తల ఎత్తకుండా అంది: “నీ బ్యాండు ముంగట గుర్రం మీద కూసున్న పిలగాని మెడల దండ ఎవరు కట్టిన్రనుకున్నవ్?”

ఆయన ఆమె పక్కకు జరిగారు. తరువాత దారం కొస అందుకున్నారు.

నీరజ కూడా మాతో కూర్చోవడం మొదలుపెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోమనలేదు. దారం ఎంత చల్లగా ఉందో చూడండి, ఈ పువ్వు కాడ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, ముడి బిగించేటప్పుడు ఊపిరి వదలండి, అని మాత్రం చెప్పేది. మొదట్లో ఆయన దండలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట బోసిగా వచ్చేవి. యాదమ్మ వాటిని విప్పేది కాదు, మా యూనిట్‌లో దేవుడి పటానికి వేసేది. ఒక మధ్యాహ్నం సెషను అయిపోయిందని చెబితే, ఇంకో మూర ఉంది మేడం అన్నారు. ఆయన నోట ఇంకా కావాలన్న మాట వినడం అదే మొదలు.

మరుసటి సమావేశంలో గడువు పొడిగించారు. మార్గశిరం దాటాక, ఇక కేసు ముగించే ముందు, ఇంటి సందర్శనకు వెళ్ళాను. బాత్రూం గడప ఎంత ఎత్తుంది, మంచం ఎటు పక్క ఉంది, వీధిలో నడవగలరా అని చూడటం దాని ఉద్దేశం. అది శనివారం సాయంత్రం. వాళ్ళ గల్లీ చివర ఆంజనేయస్వామి గుడికి యాదమ్మ దండలు ఇవ్వాలి. దండల సంచి ఆయన భుజానికి తగిలించి, గతుకుల్లో నడక చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

గుడి రేకుల పందిరి కింద భజన జరుగుతోంది. హార్మోనియం, ఢోలక్, చప్పట్లు. మైకు లేదు. సత్తయ్య గారు మెట్టు దగ్గరే ఆగిపోయారు. వెనక్కి తిరుగుతారని నాకనిపించింది, యాదమ్మకూ అనిపించినట్టుంది, సంచి కోసం చెయ్యి చాచింది. ఆయన సంచి ఇవ్వలేదు. తాను కట్టిన దండలు తానే పూజారికి అందించి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. కొంతసేపు కళ్ళు నేల మీదే ఉన్నాయి. తరువాత కుడి చేతి వేళ్ళు మోకాలి మీద కదలడం చూశాను. లయ తప్పలేదు, బలమే లేదు.

హార్మోనియం వాయిస్తున్నాయన మా కోస్తా వైపు మనిషి, రిటైరైన బ్యాంకు ఉద్యోగి. పాట మధ్య విరామంలో సత్తయ్య గారి వేళ్ళను గమనించి అడిగారు.

“తాళం వేస్తారాండీ? మా తాళాలాయన ఇవాళ రాలేదు.”

“చెయ్యి ఆగదు సార్. పడిపోతయ్.”

“పడితే తీసుకుందాం లెండి. ఇదేమన్నా కచేరీనా?”

తాళాల తాడును కుడి చేతి వేళ్ళకు యాదమ్మ చుట్టింది. రెండో పాట మధ్యలో అవి నిజంగానే ఒకసారి పడ్డాయి. ఎవరూ పాట ఆపలేదు. ఆయన తీసుకుని మళ్ళీ అందుకున్నారు. హారతి దాకా ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడు గల్లీలో ఎవరి ఇంట్లోనో టీవీలో క్లారినెట్ పాట మోగుతోంది. ఆయన నడక తగ్గించి విన్నారు.

“మంచిగ వాయిస్తుండు,” అన్నారు, ఎవరితోనూ కాకుండా.

క్లారినెట్ వాయించడం మాత్రం తిరిగి రాలేదు. వేసవిలో ఒకసారి బావమరిది ఇంటి నుంచి తెప్పించుకుని ఊది చూశారట. మూతి కొస నుంచి గాలి పోయింది, వేళ్ళు రంధ్రాలను సమయానికి మూయలేకపోయాయి. తుడిచి పెట్టెలో పెట్టి పూల దగ్గరికి వచ్చి కూర్చున్నారని యాదమ్మ ఫోన్‌లో చెప్పింది. పెట్టె ఈసారి ఇంట్లోనే ఉంచుకున్నారు. పొద్దున ఆమెతో కలిసి పూలు కట్టడం, శనివారం భజనలో తాళం వేయడం, నేను రిటైరయ్యే నాటికి ఆయన దినచర్యగా స్థిరపడ్డాయి. కుడి చేతి పట్టు కొలతల్లో పెరిగింది, కానీ మామూలు స్థాయికి చేరలేదు.

పోయిన పనిని తిరిగి తేవడం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే, అది రానప్పుడు పేషెంటుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దానితోపాటు, రోజులో కాస్త సంతోషమిచ్చే చిన్న పని ఒకటి మొదటి నుంచే చికిత్సలో ఉండాలి. అది మా పరికరాల బీరువాలో దొరకదు, వాళ్ళ ఇంట్లోనో వీధిలోనో దొరుకుతుంది. అందుకే సత్తయ్య గారి తరువాత వచ్చిన పేషెంట్లందరికీ ఇంటి సందర్శనను చివర్లో కాకుండా మొదటి వారంలోనే పెట్టించాను.