బేరంలో పోయిన మూడో కాలం

సంగీతం దగ్గర బేరమాడి నెగ్గినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. పక్కింటి పాప పొద్దున్నే శ్రుతిపెట్టె ముందు కూర్చుని ఒకే స్వరాల వరుసను మొదట నెమ్మదిగా, తర్వాత రెట్టింపు వేగంతో, ఆపైన నాలుగింతల వేగంతో, అలా మూడు కాలాల్లో పాడుతుంటే నా ఘనకార్యం గుర్తొచ్చి కిటికీ మూసేస్తాను. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. సూర్యాపేటలో మా ధాన్యం దుకాణం వెనక గదిలో, కిరాయి లేకుండా ఉండేవారు నా గురువు రామకిష్టయ్య పంతులు. బెజవాడలో సంగీతం డిప్లొమాకు చేరాలని నా పట్టుదల. ప్రవేశ పరీక్షకు నాలుగు నెలలే గడువు. తప్పితే జన్మంతా తక్కెడ పట్టుకోవాల్సిందే.

“మొదలు సరళీ వరుసలు. ఒక్కోటి మూడు కాలాల్ల పాడాలె,” అన్నారు పంతులుగారు.

“పరీక్షల కీర్తన అడుగుతరు గాని గివెవరు అడుగుతరు పంతులూ? ఒక్క కాలం సాలు.”

“ఇదేమన్న మిరపకాయల బస్తానారా, తగ్గించనీకి?”

“సరే, మీ మూడూ వద్దు, నా ఒకటీ వద్దు. రెండు!”

ఆయన నవ్వలేదు. మా గదిలో ఉంటున్న మనిషి గట్టిగా కాదనలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను. “నీ ఇష్టం కొడుకా,” అన్నారు.

బెజవాడ నుంచి వచ్చిన పరీక్షకుడు కోదాడలో బంధువుల ఇంట దిగాడు; మా వైపు వాళ్లకు పరీక్ష అక్కడే. పంతులుగారు నన్ను బస్సులో వెంటబెట్టుకుని వెళ్లారు. నేను కీర్తన ఎత్తుకోబోయాను.

“అది తర్వాత విందాం బాబూ. సరళీ వరుస మూడో కాలంలో అందుకో.”

తాళం వేసే చెయ్యి ఒక దారిన, గొంతు ఒక దారిన పోయాయి. రెండోసారీ అంతే. పరీక్షకుడు నన్ను వదిలేసి పంతులుగారి వైపు తిరిగాడు.

“పెద్దవారు, మీరే ఇలా నేర్పితే ఎలాగండీ?”

“తప్పు నాదేనండి. పిలగానికేం తెల్వదు. నేనే ఆత్రపడ్డ.”

నేను పక్కనే ఉన్నాను. అణా కోసం గంటసేపు వాదించే నోరు ఆ పూట పెగల్లేదు.

పరీక్షకు వచ్చినవాళ్ల ద్వారా ఆ సంగతి సూర్యాపేట చేరింది. ఆయన దగ్గర నేర్చుకునే మిగతా పిల్లల్ని కూడా తల్లిదండ్రులు ఒక్కొక్కరే పాఠం మాన్పించారు. పంతులుగారు శ్రుతిపెట్టె సంకన పెట్టుకుని మిర్యాలగూడలో చెల్లెలింటికి వెళ్లిపోయారు. నిజం ఒప్పుకుందామని నేను అక్కడికి వెళ్లేసరికి ఏడాది దాటింది.

“అన్న పోయి మూడు నెలలాయె,” అన్నదామె. “మీ ఊరి ముచ్చట ఎత్తితే సాలు, పిలగాడు మంచోడు, నేనే చెడగొట్టిన అనేటోడు.”

ఆమెకైనా చెప్పాల్సింది. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

లెక్క కడితే ఇంతే. మూడో కాలం వదిలేసినందుకు నాకు నెలన్నర మిగిలింది. దానికి ఆయన తన శిష్యులను, ఊరిని, పేరును ఇచ్చుకున్నారు. నా వంతుగా ఇవ్వాల్సింది ఒక్క మాట, తప్పు నాదని. అదీ ఇవ్వలేదు.