పిట్టగోడ మీద ఆరంగుళాలు

అది 2022 వేసవి. తిరుత్తణిలో మా మేడ మీద గదిలో ఒక పెద్ద మానిటరు, ఒక ఫ్యాను, పగలు కూడా మూసి ఉండే కర్టెన్లు. రంగులు సరిగ్గా కనబడాలంటే గదిలోకి ఎండ రాకూడదు. ఆ చీకట్లో కూర్చుని నేనేం చేస్తానో చాలామందికి అర్థం కాదు. "వనజ ఇండ్లకు మేకప్పు వేస్తాది" అని మా వీధిలో చెప్పుకుంటారు. అది పూర్తిగా అబద్ధమని నేను అనలేను.

అంతకుముందు పన్నెండేళ్లు పెళ్లి ఆల్బములు చేశాను. పెళ్లికూతురి మేనమామ మొదలు వంటమనిషి దాకా అందరికీ తెల్లగా కనబడాలనే ఉంటుంది. ఒక పెళ్లికొడుకు తండ్రి తన బట్టతల మీద జుట్టు పెట్టమన్నాడు. పెట్టాక, అది తనకు పడని తమ్ముడి జుట్టులా ఉందని పోట్లాటకు వచ్చాడు. ఆ రోజే దండం పెట్టి భవనాల ఫోటోల వైపు మళ్లాను. గోడలు నోరు విప్పవు, తెల్లగా చేయమని అడగవు, హాయిగా బతకవచ్చు అనుకున్నాను. గోడల వెనక మనుషులుంటారన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పని ఇలా ఉంటుంది. ఆర్కిటెక్టు కట్టించిన ఇంటిని ఫోటోగ్రాఫరు తీస్తాడు. ఒకే దృశ్యాన్ని వెలుతురు ఎక్కువగా, తక్కువగా, మధ్యస్థంగా నాలుగైదు సార్లు తీస్తాడు. దీన్ని బ్రాకెటింగ్ అంటారు. నేను వాటిని కలిపి, గది మూలా, కిటికీ బయటి ఆకాశమూ రెండూ కనబడేలా చేస్తాను. బల్బుల పసుపు గోడకు అంటుకుంటే కలర్ కాస్ట్ అంటాం, దాన్ని కడుగుతాను. అన్నిటికన్నా పెద్ద పని వర్టికల్స్. కెమెరా కొంచెం తల ఎత్తి చూస్తే చాలు, గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలినట్టు వస్తాయి. వాటిని నిటారుగా నిలబెట్టాలి. నిలువు గీత నిలువుగా ఉండాలి, అడ్డగీత సమంగా ఉండాలి. ఈ రెండు ముక్కలూ మాకు ఓనమాలు.

ఆ వేసవిలో హేమలత దగ్గరి నుంచి పని వచ్చింది. హేమలత తిరువళ్ళూరులో ఆఫీసు పెట్టుకున్న కుర్ర ఆర్కిటెక్టు. తిరుత్తణి బజారులో స్టీలు పాత్రల అంగడి ఉన్న జయరామయ్యకు ఇల్లు కట్టించింది. చెన్నై నుంచి వచ్చే ఒక పత్రిక ఆ ఇంటి ఫోటోలు అడిగింది. పత్రికలో తన పేరు రావడం ఆమెకు అదే మొదటిసారి కాబట్టి రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేది. ఇల్లు పడమటి ముఖం. సాయంత్రం ఎండ ముందుగోడ మీద పడి ఫోటో ముచ్చటగా వచ్చింది.

ఫైలు తెరవగానే ఒకటి నా కంట్లో గుచ్చుకుంది. మిద్దె మీది పిట్టగోడ ఎడమ నుంచి కుడికి రవ్వంత ఎక్కుతోంది. ట్రైపాడు సరిగ్గా నిలబెట్టలేదు మహానుభావుడు, అని ఫోటోగ్రాఫరును తిట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో గైడ్ అని ఒక గీత ఉంటుంది. ఏది సమంగా ఉండాలో దాని మీద ఆ గీత గీస్తే బొమ్మంతా సర్దుకుంటుంది. ఒకటి పునాది మీద, ఒకటి పిట్టగోడ మీద గీశాను. ఇల్లు బుద్ధిగా సర్దుకుంది. కానీ కిటికీలు వెంట్రుకవాసి కుడికి వాలాయి. వాటినీ ఒక్కొక్కటిగా లాగి సరిచేశాను. ఆ కిటికీలు వాలినప్పుడైనా నేను ఆగి ఆలోచించాల్సింది. పునాదీ కిటికీలూ ముందే సమంగా ఉండి, పిట్టగోడ ఒక్కటే ఎక్కుతోందంటే తప్పు కెమెరాది కాదు. పనిలో చేరిన మొదటి ఏడాది పిల్లలకు నేనే చెప్పే పాఠం అది. ఆ రోజు మాత్రం నా పనితనానికి నేనే మురిసిపోయి కాఫీ తాగాను.

హేమలత ఆ ఫోటోను మూడడుగుల ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి జయరామయ్యకు కానుకగా ఇచ్చింది. ఆయన దాన్ని అంగట్లో తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. సరిగ్గా మూడు వారాలకు, పొద్దున పది గంటలకు హేమలత ఫోన్ చేసింది.

"వనజక్కా, యాడుండావు? కొంప మునిగింది. జయరామన్న మునుస్వామి మేస్త్రిని పన్లోంచి తీసేస్తానంటా ఉండాడు."

"ఎందుకంట?"

"పిట్టగోడ సమంగా కట్టినాడంట. కన్నిమూల దిగిపోయినాదంట."

మా వైపు నైరుతి మూలను కన్నిమూల అంటారు. ఇంట్లో అన్నిటికన్నా అదే ఎత్తుగా ఉండాలని వాస్తు నమ్మేవాళ్ల పట్టుదల. సమంగా కడితే మంచిదే కదా అని నేను అమాయకంగా అడిగాను.

"సమంగా ఉండకూడదక్కా! అదే ఆయన మొదటి కండిషను. మెట్టు మాదిరి లేపితే ఇంటి ముఖం చెడిపోతాదని నేను ఏడిస్తే, మేస్త్రే దారి చూపించినాడు. నలభై అడుగుల పొడుగునా ఆరంగుళాలు కొంచెం కొంచెంగా ఎక్కిస్తా, కంటికి తెలీదు, శాస్త్రానికి తెలుస్తాది అన్నాడు. ఇప్పుడు ఫోటోలో చూస్తే ఎక్కనే లేదు. జయరామన్న స్కేలు పెట్టి కొలిచినాడంట."

ఫోన్ పట్టుకునే అసలు ఫైలు తెరిచాను. కుడివైపున ఉన్నది నైరుతే. పిట్టగోడ అక్కడికి ఎంత మర్యాదగా ఎక్కుతోందో అప్పుడు కనబడింది.

జరిగింది ఇదీ. జయరామయ్య అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ ఫోటో చూపించి, "మా కన్నిమూల చూడు, ఎట్ల ఎత్తించినానో" అని చెప్పుకుంటున్నాడు. వచ్చినవాళ్లు మొహమాటానికి తలూపుతున్నారు. ఒక ముసలామె మాత్రం బిందె కింద పెట్టి, కండ్లద్దాలు సర్దుకుని, "యాడ నాయనా?" అని అడిగింది. ఆమెకు చూపించడానికే ఆయన స్కేలు తీశాడు. రెండు కొసలూ ఒక్కటే ఎత్తు వచ్చాయి. ఆ వారంలోనే ఆయన కట్టించబోయే కల్యాణ మండపానికి ముగ్గు పోసి పునాది గీతలు గీయాలి. మునుస్వామి మేస్త్రీ, ఆయన వెంట అత్తిమంజేరిపేట నుంచి వచ్చే పదిమందీ ఆ పనిని నమ్ముకుని వేరే పనులు వదులుకున్నారు. అది పోవడం ఒక ఎత్తు. కన్నిమూల దించిన మేస్త్రి అని పేరు పడితే పళ్ళిపట్టు దాకా ఆయన్ని ఒక్కరు పిలవరు.

నిజం చెప్తున్నాను, మొదట నాకు వచ్చింది మంచి ఆలోచన కాదు. ప్రింటులో పొరపాటు జరిగిందని కొత్త ఫోటో ఒకటి పంపితే నా పేరు బయటికి రాదు. ప్రింటు వేసినవాడు చెన్నైలో ఉన్నాడు, తిట్టినా వినబడదు. కానీ హేమలత చివర్లో, "మేస్త్రి ఇప్పుడు మిద్దె మీదే ఉండాడక్కా, కండ్లనీళ్లు పెట్టుకున్నాడు" అంది. నాకు సిగ్గేసింది. ఆటో ఎక్కాను.

మిద్దె మీద ఎండ మాడ్చేస్తోంది. జయరామయ్య మూడడుగుల ఫ్రేమును చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు. హేమలత గొడుగు ఆయనకు పట్టాలో ఫోటోకు పట్టాలో తెలియక మధ్యలో పట్టింది. మునుస్వామి మేస్త్రి సన్నటి మనిషి, అరవై దాటిన వయసు. పొడవాటి ట్యూబులో నీళ్లు పోసి మట్టం చూస్తున్నాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి, అక్కడి నుంచి గోడ కొలుచుకోవడమే. దానికి కరెంటు అక్కర్లేదు, దాన్ని ఎవరూ ఎడిట్ చేయలేరు.

"ఆరంగుళాలు. నూలు తేడా లేదు. మీరే చూసుకోండయ్యా" అన్నాడు మేస్త్రి. నూలంటే వాళ్ల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు.

జయరామయ్య చూశాడు. టేపు మార్చి మళ్లీ చూశాడు. తర్వాత ఫ్రేము పైకెత్తి దాన్ని చూశాడు.

"సరే, గోడ ఎక్కినాది. మరి ఫోటోలో ఎట్ల దిగినాది? కంప్యూటరు తప్పు చెప్తాదా?"

"మీరు ఇంట్లో కాపరం ఉండారా, ఫోటోలో కాపరం ఉండారా అయ్యా?"

"సుమ్మా ఊరుకో మేస్త్రీ. ఇల్లు నేనొకణ్ణే చూస్తా. ఫోటో ఊరంతా చూస్తా ఉంది."

ఇక దాచడం నావల్ల కాలేదు. "జయరామన్నా, మేస్త్రి తప్పు కాదు. దించింది నేను" అన్నాను.

"నువ్వా? నా కన్నిమూలని నువ్వా దించింది? ఎవుర్ని అడిగి దించినావు?"

"ఎవుర్నీ అడగలేదన్నా. వంకరగా ఉందనుకొని సరిచేసినాను."

ఆయన అరుస్తాడని చెవులు సిద్ధం చేసుకున్నాను. అరవలేదు. లెక్కలు కలుస్తున్నవాడిలా తలూపి, "మూడు వారాలు అంగట్లో కన్నిమూల దించుకొని కూసున్నానా! అందుకే కుక్కర్లు కదల్లేదు" అన్నాడు. హేమలత గొడుగు చాటున ముఖం దాచుకుంది.

మేస్త్రి ముఖం మాత్రం వాడిపోయింది. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"వంకర అని నీకు తెలిసిపోయినాదామ్మా?"

"అంటే?"

"వరస వరసకీ దారం కట్టి, నూలు నూలుగా ఎక్కించినాను. నాలుగు దినాలు పట్టినాది. వీధిలో నిలబడి చూసినోళ్లకి తెలీకూడదని. నీకెట్ల తెలిసినాది?"

ఆయన బాధ అదీ. నేను గోడ దించినందుకు కాదు, కనిపెట్టినందుకు. "నా పనే అది మేస్త్రీ. తెర మీద ఇంతింత పెద్దవి చేసి చూస్తాను. మామూలు కండ్లకు తెలిసేది కాదు" అన్నాను. ఇందులో బుజ్జగింపు లేదు, నిజంగానే తెలియదు. జయరామయ్యే స్కేలు పెడితే గానీ తేల్చుకోలేకపోయాడు. మేస్త్రి నిట్టూర్చి, ట్యూబులో నీళ్లు పారబోసి దాన్ని చుట్టగా చుట్టాడు.

జయరామయ్య తప్పయిందని అనలేదు. ఆ జాతి మనిషి కాదు. గొంతు సవరించుకుని, "మేస్త్రీ, ఎల్లుండి మండపానికి ముగ్గు పొయ్యాల. పొద్దున్నే వచ్చేయ్" అన్నాడు.

"వస్తా. ట్యూబు నేను తెస్తా. మీరు మాత్రం ఫోటో తేవద్దండయ్యా."

ఆ రోజే మళ్లీ మొదటి నుంచి చేశాను. కెమెరా వంచింది మాత్రం సరిచేసి, మనిషి వంచింది వదిలేశాను. పత్రికకు పంపిన రెండో రోజు అక్కడి డిజైనరు ఫోన్ చేసి, పిట్టగోడ కొంచెం వంకరగా ఉంది, సరిచేయండి మేడం అన్నాడు. అది కట్టిన మనిషి నాలుగు రోజులు కష్టపడి ఎక్కించాడు, మీకు కనబడిందని తెలిస్తే బాధపడతాడు, దయచేసి బయటికి అనకండి అన్నాను. పాపం, అతనికి ఏమర్థమైందో గాని ఉన్నది ఉన్నట్టే వేశాడు. హేమలత ఆ పత్రిక ఇరవై కాపీలు కొని పంచింది.

మండపం పునాదులు లేచాక ఒక రోజు మేస్త్రి మా మెట్లెక్కి వచ్చాడు. ఇన్నేండ్లలో ఎన్నో ఇండ్లు కట్టాననీ, ఒక్కదాని ఫోటో కూడా తన దగ్గర లేదనీ చెప్పి, జయరామయ్య ఇంటిది ఒకటి కావాలన్నాడు. నేను సంతోషంగా కొత్తది తీసి చూపించాను.

"ఇదొకటే కాదమ్మా. నువ్వు చెడగొట్టింది కూడా ఇయ్యి."

"అదెందుకు మేస్త్రీ?"

"ఇదొకటే చూస్తే గోడ మామూలుగానే ఉండాది గదా. రెండూ పక్కపక్కన పెడితే కదా నా పని ఏందో నా మనవరాలికి తెలిసేది."

ఇరవై ఏళ్లకు దగ్గరగా ఈ పని చేస్తున్నాను. గీత వంకరగా కనబడితే సరిచేయాలని నేర్చుకున్నాను, నేర్పాను. ఆ గీత గీసిన చెయ్యి ఒకటి ఉంటుందనీ, అది కావాలనే అలా గీసి ఉండవచ్చనీ మునుస్వామి మేస్త్రి దగ్గరే తెలుసుకున్నాను. ఇప్పుడు ఎంత పెద్ద ఆర్కిటెక్టు ఫైళ్లు పంపినా, తెరవక ముందు నేను అడిగేది మేస్త్రి ఫోన్ నంబరు.