తూచినవి అని రాసిన డబ్బా

మా ఆయనకి ఇంట్లో ఏ వస్తువైనా రెండు చోట్ల సగం సగం కనిపిస్తే ప్రాణం ఊరుకోదు. కందిపప్పు ప్యాకెట్లు రెండు సగం సగం ఉంటే ఒకే డబ్బాలో పోసేస్తాడు. షాంపూ సీసాలు రెండుంటే ఒకదాని మీద ఇంకోటి తలకిందులుగా నిలబెడతాడు. మా ఇళ్లలో అందరూ చేసేదే, నేనూ చేస్తాను. కానీ నా బుల్లెట్లు కందిపప్పు కాదు కదండీ! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్లో కారు పార్టులు చేసే ప్లాంట్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. పొద్దస్తమానం మైక్రోమీటర్ పట్టుకుని కొలవడం, తేడా వస్తే రిజెక్ట్ చేయడం, అదే పని. అక్కడ రిటైరైన ఒక ముసలాయన నాకు వేట నేర్పాడు. కోర్సులు చేశా, పరీక్షలు రాశా, లైసెన్సులు తెచ్చుకున్నా, రైఫిల్ కొనుక్కున్నా. మన వాళ్ల పాట్‌లక్ విందుల్లో ఆడవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు, మగవాళ్లు ఇకిలించారు. పోనీలే అనుకున్నా.

ముసలాయనకి ఉత్తరాన అడవిలో ఒక క్యాబిన్ ఉంది. నవంబర్‌లో జింకల సీజన్‌కి ఏడాదికి ఒక్క కొత్త మనిషినే తీసుకెళ్తాడు. ఆ చోటు కోసం నేను రెండేళ్లు ఎదురుచూశా. ఆయన పెట్టే పరీక్ష ఒకటే: వంద గజాల నుంచి ఐదు తూటాలు, ఐదూ టీకప్పు మూతి అంత వలయంలో పడాలి. పడకపోతే అడవిలోకి రానివ్వడు. గురి తప్పితే జింక చటుక్కున చావదు, పొట్టలో గాయంతో రెండ్రోజులు కుంటుతూ తిరుగుతుంది, ఆ పాపం నా క్యాబిన్ నుంచి జరగడానికి వీల్లేదు అనేవాడు.

అందుకే తూటాలు నేనే తయారుచేసుకునేదాన్ని. ఇత్తడి గొట్టంలో తుపాకి మందు కొలిచి పోయడం, దాని నోట్లో రాగి రంగు బుల్లెట్ దిగ్గొట్టడం, బేస్‌మెంట్‌లో చిన్న బల్ల మీద అదంతా. పెట్టెలో వచ్చే బుల్లెట్లన్నీ ఒకే బరువని పైన రాసి ఉంటుంది, నమ్మకూడదు. ఒక్కోదాన్నీ తూచి, పొడవు కొలిచి, సరిగ్గా ఉన్నవి వేరే డబ్బాలో వేసి, 'తూచినవి' అని స్టిక్కర్ అంటించా. పక్కనే కొత్త బ్యాచ్ పెట్టె సగం ఉంది. ఇంకా తూచలేదు.

పరీక్షకి వారం ముందు చుట్టాలొస్తున్నారని మా ఆయన బేస్‌మెంట్ సర్దాడు. సగం, సగం! రెండూ కలిపి స్టిక్కర్ ఉన్న డబ్బాలో పోసి, ఖాళీ పెట్టె రీసైక్లింగ్‌లో పడేశాడు. నాకు చెప్పలేదు. డబ్బా నిండుగా కనిపిస్తే, నేనే ఇన్ని తూచానా, పర్లేదే అనుకున్నా. అందులోంచే తూటాలు చేసుకున్నా.

పరీక్ష రోజు షూటింగ్ రేంజ్‌కి మా ఆయన కూడా వచ్చాడు. ఐదు పేల్చా. మూడు ఒకచోట పడ్డాయి. మిగతా రెండూ నాలుగంగుళాలు పైకి, కుడివైపు పోయాయి. ముసలాయన టార్గెట్ కాగితం కేసి చాలాసేపు చూసి, "ఈ ఏడాదికి వద్దులే" అన్నాడు, అంతే. తల కొట్టేసినట్టయింది. "చేయి వణికింది నీకు" అన్నాడు మా ఆయన, పక్క బెంచీ వాళ్లకి వినపడేలా.

రెండు వారాలు ఆ మాటే పట్టుకుని ఏడ్చా. ప్లాంట్‌లో మైక్రోమీటర్ పట్టుకున్నప్పుడల్లా వేళ్ల కేసే చూసుకునేదాన్ని. ఇంక రైఫిల్ అమ్మేద్దామనుకున్నా. బల్ల మీదున్నవి ఎవరికైనా ఇచ్చేద్దామని మిగిలిన బుల్లెట్లు సర్దుతూ ఊరికే ఒకటి కొలిచా. పొడవు తేడా. ఇంకోటి, సరిగ్గానే ఉంది. తర్వాతది తేడా. డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించి కొలిచా. రెండు కుప్పలయ్యాయి.

పైకెళ్లి అడిగా. "ఆఁ, కలిపా. రెండూ ఒకటే కదా" అన్నాడు.

"కలిపిన సంగతి ఎప్పుడు గుర్తొచ్చింది మీకు?"

"రేంజ్‌లోనే. నువ్వు తూటాలు బయటికి తీసినప్పుడు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే గొడవ చేస్తావని. అయినా ఆ అడవి, ఆ మగాళ్లు... నువ్వు వెళ్లకపోతేనే మంచిదనిపించింది."

పెళ్లయినప్పటి నుంచీ మీరు అంటున్న నేను, ఆ పూట నువ్వు అన్నా. ఇంకా చాలా అన్నా. తెలిసి తెలిసి, నా చేయి వణికిందని పదిమందిలో అన్నావా? రెండు వారాలు నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే టీ తాగుతూ చూశావా? ఏం మనిషివయ్యా నువ్వు! ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేతికిచ్చి, ముసలాయనకి నువ్వే చెప్పు, నా ముందే చెప్పు అన్నా. చచ్చినట్టు చెప్పాడు.

ముసలాయన అంతా విని, నాకిమ్మన్నాడు. ఇప్పుడైనా రమ్మంటాడని గబుక్కున ఫోన్ అందుకున్నా.

"నీ చేయి వణకలేదని నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు. "వణికితే చెల్లాచెదురుగా పడతాయి. నీవి రెండు గుంపులుగా పడ్డాయి. రెండు రకాల బుల్లెట్లు కలిశాయని కాగితం చూడగానే అర్థమైంది."

"మరి ఎందుకు వద్దన్నారు?"

"కలిపింది ఎవరైనా కానీ, నింపేముందు కొలవంది నువ్వు. చేయి వణికితే నేర్పిస్తా. స్టిక్కర్ చూసి నమ్మేవాళ్లని జింక ముందు నిలబెట్టను."

ఫోన్ పెట్టేశా.

"చూశావా," అన్నాడు మా ఆయన, హమ్మయ్య అన్నట్టు సోఫాలో వెనక్కి వాలి, "తప్పు నీదేనట."