సువార్తమ్మ గారి ప్రింటవుట్లు

2003 జూన్‌లో విజయవాడలోని ఒక మిషన్ ఆసుపత్రిలో సిస్టమ్స్ ఆఫీసరుగా చేరాను. నా కింద ఒక సర్వరు, తొమ్మిది కంప్యూటర్లు, రికార్డు రూములో సువార్తమ్మ గారు. సర్వరంటే రోగుల వివరాలన్నీ దాచే పెద్ద కంప్యూటరు. అందులోని సాఫ్టువేరు ఒక ప్రైవేటు కంపెనీది. లోపల ఏముందో మనకు చూపించరు. ఏటా వాళ్ళిచ్చే లైసెన్సు కోడు కొడితేనే తెరుచుకుంటుంది.

సువార్తమ్మ గారు రోజూ సాయంత్రం ఆనాటి ఎంట్రీలన్నీ ప్రింటు తీసి కట్ట కట్టేవారు. నాకు ఒళ్ళు మండేది. కాగితం దండగని మెమో ఇచ్చి, పాత కట్టలన్నీ చిత్తు కాగితాలవాడికి వేసేయమన్నాను. "అలాగేనండీ" అన్నారు. అంత వినయంగా అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

మరుసటి ఏప్రిల్‌లో లైసెన్సు గడువు దగ్గరపడింది. కంపెనీకి ఉత్తరం రాశాను; జవాబు లేకపోతే వస్తుందిలే అని ఊరుకున్నాను. గడువు తీరిన ఉదయం సర్వరు తెరుచుకోలేదు. ఫోను చేస్తే ఆ భవనం వాచ్‌మన్ ఎత్తి, కంపెనీ మూతపడిందన్నాడు.

ఆ పూటే కైకలూరు వైపు చేపలు పట్టుకునే నాంచారయ్య ఆరేళ్ళ కూతురిని ఎత్తుకొచ్చాడు. తలసేమియా పిల్ల, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అంతకుముందోసారి పడని రక్తం ఎక్కి చావు తప్పింది. ఏది పడదో తేల్చిన రిపోర్టు సర్వరులో ఉంది. అది చూడందే ఎక్కించనన్నారు డాక్టరు గారు. మళ్ళీ పరీక్షకు హైదరాబాదు పంపితే నాలుగు రోజులు. పిల్ల పెదాలు అప్పటికే పాలిపోయాయి.

"మీ కంప్యూటర్లోనే ఉందన్నారు కదండీ, కాస్త తీసిపెట్టండి బాబూ" అన్నాడు. 

సువార్తమ్మ గారు లేచి వెళ్ళి, దుప్పట్ల బీరువా వెనకనుంచి ఒక కట్ట తెచ్చారు. "తిట్టకండి సార్. వేసేయడానికీ, ప్రింట్లు ఆపడానికీ మనసొప్పలేదు." రిపోర్టు అందులో ఉంది. మధ్యాహ్నానికి రక్తం ఎక్కుతోంది. నిద్రపోతున్న పిల్లకు ఆవిడ కొంగుతో విసురుతూ కూర్చున్నారు. ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. మెమో వెనక్కి తీసుకుంటున్నానని మాత్రం చెప్పాను.

తర్వాత సర్వరును లినక్సు అనే ఉచిత సాఫ్టువేరుకు మార్చాం. దాని లోపలి రాతంతా అందరికీ తెరిచే ఉంటుంది. చేసినవాళ్ళు మానేసినా తెలిసినవాళ్ళెవరైనా బాగుచేసుకోవచ్చు. ఆవిడ దాచిన కట్టలన్నీ చూసి రెండు నెలలపాటు ఆవిడా నేనూ మళ్ళీ టైపు చేశాం.

"మరి వీళ్ళు కూడా పోతేనండీ?" అని అడిగారు ఆవిడ ఒకరోజు.

తాళం మన దగ్గరే ఉంటుందన్నాను. "ఉంటే మంచిదే" అంటూ ప్రింటరులో కాగితాలు పెట్టారు.

ఏ సర్వరు తీసుకున్నా, ఇచ్చినవాడు రేపు లేకపోతే మన రికార్డు మనం తెరవగలమా అని ముందు అడగాలి. నాకు కంప్యూటరు చదువు ఉంది. ఆ ప్రశ్న ఆవిడకు తట్టింది. ఆవిడ రిటైరయ్యేదాకా కాగితం కావాలని రాసే ఇండెంటు మీద నేనే సంతకం పెట్టాను. ఇంత ఎందుకని ఏనాడూ అడగలేదు.