వెలగని సిగ్నల్ లైట్లు

మా కోదాడ డిగ్రీ కాలేజీకి ఇన్‌స్పెక్షన్ పడిందంటే ల్యాబులో సగం సామాను బయటి నుంచే వస్తుంది. మేమూ ఇస్తాం. మిర్యాలగూడలో తనిఖీ అంటే మా మైక్రోప్రాసెసర్ కిట్లు అట్టపెట్టెల్లో అక్కడికి పోతాయి, అయిపోగానే వెనక్కి వస్తాయి. ప్రిన్సిపాళ్లే ఫోన్లో మాట్లాడుకుంటారు కాబట్టి దాపరికం లేదు. తీసుకున్నది తీసుకున్నట్టు ఇస్తారన్న నమ్మకం మీదే అంతా నడుస్తుంది.

కిట్టులో పేరంతా ప్రాసెసర్‌దే. నిజానికి అది లోపల లెక్కలు చేసుకుంటూ కూర్చునే రకం. బయట ఒక లైటు వెలగాలన్నా, మోటారు తిరగాలన్నా పక్కన 8255 అనే చిప్పు ఉండాలి. ఇళ్లలోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో కీబోర్డు మీద నొక్కింది ప్రాసెసర్‌కు చేరవేసినవీ ఇలాంటి చిప్పులే. ఈ అన్యాయం గురించి ప్రతి బ్యాచ్ ముందూ ఒక పీరియడంతా పోట్లాడతాను.

ఈ ఏడాది మా ఎలక్ట్రానిక్స్ గ్రూపు ఎత్తేస్తామన్నారు. "ఆ పాత డబ్బాలు ఇంకా పనిచేస్తయా మేడమ్?" అన్నాడు కాలేజీ నడిపే కరస్పాండెంట్. కళ్లముందు చూపిస్తే ఇంకో ఏడాది ఉంచుతానన్నాడు.

కిట్లు అప్పుడే మిర్యాలగూడ నుంచి వచ్చాయి. తీసుకెళ్లింది నా స్నేహితురాలు, అక్కడి లెక్చరర్. సూర్యాపేటలో చదివేటప్పుడు మా ఇద్దరికీ ఒకటే కిట్టు. తను కోడ్ చదివేది, నేను కీలు నొక్కేదాన్ని. ఆమె దగ్గర నుంచి వచ్చినవాటిని విప్పి చూస్తానా? స్విచ్ వేశాను, డిస్‌ప్లే వచ్చింది, మూత పెట్టేశాను. 8255 చచ్చినా డిస్‌ప్లే వస్తుందని పాఠం చెప్పేది నేనే.

కరస్పాండెంట్ ముందు ట్రాఫిక్ లైట్ల ప్రయోగం పెట్టాను. ఒక్క లైటూ వెలగలేదు. ఇంకో కిట్టు, అదీ అంతే.

"సిగ్నల్ పడేదాక గీడనే నిలబడాల్నా మేడమ్?" అన్నాడాయన. వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు.

విప్పి చూస్తే నా చిప్పులు లేవు. నావాటి మూలన ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంటాను. వీటికి చుక్క లేదు, ప్రాణమూ లేదు. మిర్యాలగూడలో నా స్నేహితురాలి దగ్గరే మారాయని చెబితే, "మీ దోస్తు నోటితో చెప్తే నమ్ముత" అన్నాడు.

హుజూర్‌నగర్ మీదుగా బస్సులో మిర్యాలగూడ పోయాను. స్టాఫ్‌రూములో నా స్నేహితురాలు ఒక్కతే టిఫిన్ డబ్బా ముందు కూర్చుంది.

"తిన్నవానే?" అంది.

"నా చిప్పులు ఏడున్నయి?"

"మెల్లగ మాట్లాడవే. మావి కాలిపోయినయి. మా ప్రిన్సిపాల్ సారు కొత్తవి కొననియ్యడు, పిల్లలకు ప్రాక్టికల్స్ నెత్తి మీదున్నయి. తర్వాత మార్చి ఇద్దామనుకున్న."

"అడిగితే ఇయ్యకపోదునా?"

"ఇస్తవు, వంద మాటలు అనే ఇస్తవు. నీ నోటికి భయపడే అడగలే."

"నా నోటికి భయపడ్డవ్. నా గ్రూపు పోతదని భయపడలే."

"అది ఎట్లైనా పోయేదే కదనే."

ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సరే, ఒక్క ముక్క మా కరస్పాండెంట్ సారుకు చెప్పు. కిట్లు మంచిగనే ఉండె, చిప్పులు నేనే తీసిన అని."

"నా నౌకరీ పోతది."

"నాది పోతలేదా?"

"నువ్వు ఏడనన్న కొట్లాడి బతుకుతవు. నాకు అది రాదు."

నంబరు నేనే నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను ఆమె డబ్బా పక్కకు జరిపాను.

"హలో, చెప్పండి మేడమ్," అన్నాడు కరస్పాండెంట్.

ఆమె డబ్బా మూత ఒక పక్క నొక్కింది, తర్వాత ఇంకో పక్క. తల ఎత్తలేదు.

"హలో?"

ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"ల్యాబు తాళం ఎవరికియ్యాలె సర్?"