ఉస్తాదు ఇచ్చిపోయిన కుట్టుపుస్తకాలు

ప్రొద్దుటూరులో ఏ లెక్చరరు ఇంట్లోనూ లేనన్ని ఇంగ్లీషు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఒక్క ముక్క కూడా నేను చదవలేదన్నది వేరే సంగతి. ఐదో తరగతిలో నేను బడి మానేసిన రోజున మా అయ్యవారు మిఠాయి పంచారని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న మా కోడలు ఆ కట్టను అటక మీది నుంచి దించి, పాత పేపర్ల ఆయనకు వేసేద్దామా మామా అని అడిగినప్పుడు మాత్రం దాన్ని లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

అవి నాకు దర్జీ పని నేర్పిన ఉస్తాదు కువైట్‌కు పోతూ ఇచ్చిపోయిన కుట్టుపుస్తకాలు. అట్టల మీద గౌన్లు తొడుక్కున్న దొరసానులు, లోపల కత్తిరింపు బొమ్మలు. చదువు అంటని నాకు ఆ బొమ్మలే పాఠం. వాటిలోని చేతులూ మెడలూ మా పేట ఆడవాళ్ల జాకెట్లకు పెట్టి, దొరసానులకే చీర కట్టించినంత సంబరపడేవాడిని.

మా అక్కను జమ్మలమడుగులో ఇచ్చారు. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి పులివెందులలో పిల్ల కుదిరిన ఏడాదే ఆమెకు గడ్డ లేచింది. వేలూరులో ఆపరేషన్ చేసి కుడి రొమ్ము తీసేశారు. ఆ జబ్బు పేరు అప్పట్లో మన ఇళ్లలో ఎవరూ పైకి అనేవారు కాదు.

పెళ్లికని అక్క పట్టుగుడ్డ, దాంతో పాటు ఎప్పటిలాగే ఆది జాకెట్టు పంపింది. మీకు గుర్తుండే ఉంటుంది, మగ దర్జీ ఆడవాళ్ల ఒంటికి టేపు పెట్టడమన్నది అప్పుడు లేదు. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు పంపితే దాని కొలతకే కొత్తది కుట్టేవాళ్లం. ఆ పాతది ఆపరేషన్‌కు ముందుది. పంపిన ఆమెకూ తట్టలేదు, కుట్టిన నాకూ తట్టలేదు. కుట్టింది నేనే జమ్మలమడుగు తీసుకుపోయి ఇచ్చాను. అక్క తొడుక్కుని చూస్తే కుడివైపు గుడ్డ ఖాళీగా వేలాడింది. ఎడమవైపయితే పైట కప్పేది.

"నేను రాను పోరా. నలుగురిలో పీట మీద ఇట్ల యాడ కుచ్చునేది? మీ బావ తమ్మున్నీ, వాని పెండ్లాన్నీ కుచ్చోబెట్టుకోండి" అని తలుపు వేసుకుంది. బావ బతిమాలాడు, కొడుకు ఏడ్చాడు. ఎగతాళి తప్ప ఏదీ చేతకాని నేను ఆ జాకెట్టు చంకన పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను.

అంగడిలో ఆ పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చున్నాను. దొరసానులంతా నవ్వుతూనే ఉన్నారు. మొదటిసారి వాళ్ల మీద కోపం వచ్చింది. చివరికి ఒక మగకోటు బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగింది. కోటు భుజం గుండ్రంగా నిలవడానికి లోపల దూదిని పొరలు పొరలుగా పేర్చి కుట్టే పద్ధతి అది. భుజానికి నిలిచేది ఎదకు నిలవదా అనిపించింది. మెత్తబడిన పాత పంచె గుడ్డలో దూది పొరలు కుట్టి, అది పైకి జరగకుండా అడుగున గుప్పెడు జొన్నలు పోసి, జాకెట్టు లోపల అమర్చి మా ఇంటామె చేత పంపాను.

పులివెందులలో అక్క బావ పక్కన పీట మీద నిటారుగా కూర్చుంది. ఎవరూ ఆమె వైపు రెండోసారి తేరిపార చూడలేదు. నా కుట్టుకు అంతకంటే మెప్పు నేను ఎన్నడూ ఎరగను. మళ్లీ వానలు పడకముందే జబ్బు తిరగబెట్టి ఆమె పోయింది.

ఇప్పుడు అలాంటివి రెడీమేడుగా దొరుకుతాయని మా కోడలు ఫోనులో చూపించింది. జబ్బు పేరు కూడా జనం జంకు లేకుండా పలుకుతున్నారు, మంచిదే. అక్క నాటికి ఆ మాత్రం రాలేదే అన్నదే నా బాధ. పుస్తకాలను మళ్లీ అటక ఎక్కించమన్నాను.

పెళ్లైన మర్నాడు అక్కను నవ్వించబోయి, దీన్నే ఆది జాకెట్టుగా దాచిపెట్టుకో, నీ మనవడి పెండ్లి దాకా దీని కొలతకే కుడతానన్నాను. ఆమె నవ్వుతూనే అంది:

"మనవడి పెండ్లి దాకా యాడికిరా! నన్ను సాగనంపేనాడు దీన్నే తొడిగియ్యమని మరదలికి చెప్పు. పీట మీద ఎట్ల నిండుగా కుచ్చున్నానో, పాడె మీద గూడా అట్లే పండుకుంటా."