అతుకా, కొత్త టైరా

తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి పంపాలి. ఎనిమిదో నెలలో గర్భిణిని ఊరు దాటించరు. తొమ్మిదో నెల వచ్చాక మా పల్నాడు రోడ్ల కుదుపులకు ఎవరూ సాహసించరు. సోమవారం మామగారికి కోర్టు వాయిదా, మంగళవారం ప్రయాణం పనికిరాదు, ఆ మర్నాటి నుంచి నాకు ఎనిమిదో నెల. అందుకని నాకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే. యాభైల చివర్లో మాట ఇది.

నాకు నాన్న లేరు, అన్నదమ్ములూ లేరు. మా ఆయన మద్రాసులో చదువుకుంటున్నారు. వచ్చి తీసుకెళ్లేవాళ్లెవరూ లేక మామగారే తమ కారులో గురజాల నుంచి అమరావతి దగ్గరున్న మా ఊరికి బయలుదేరదీశారు. అక్కడ అమ్మ ఒక్కతే ఎదురుచూస్తోంది. అమ్మ చేతుల్లో నీళ్లాడాలన్నది నా ఆశ. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో నేను నాకంటూ కోరుకున్నది అదొక్కటే. అత్తింటివాళ్లు నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అడక్కముందే అన్నీ అమర్చేవాళ్లు. అలా అమర్చేవాళ్లతో ఎలా పోట్లాడాలో నాకెవరూ నేర్పలేదు.

రాజుపాలెం ఇంకా రానే లేదు, నాపరాయి ముక్కకు కోసుకుపోయి వెనక టైరు కూలబడింది. స్టెప్నీ ఉంటే చిటికెలో అయ్యే పని. కానీ వియ్యపురాలికి ఎండుమిరపకాయల బస్తా పంపాలని అత్తగారు పొద్దున్నే స్టెప్నీ దింపించి డిక్కీలో దానికి చోటు చేయించారు. మర్యాదకు లోటు రాకూడదు కదా!

మామగారూ డ్రైవరూ దిగారు. ఆ ఇంటి ఆడవాళ్లు నడిరోడ్డు మీద కారు దిగరు. కిటికీలకు ఆకుపచ్చ తెరలు. లోపల నేనూ, అత్తగారూ, మిరపకాయల ఘాటూ. చెమటకు జాకెట్టు ఒంటికి అంటుకుపోయింది. బయట జరిగే మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి.

“ట్యూబుకి అతుకేసి, టైరు లోపల పాత టైరు ముక్క పెడితే చాలయ్యా. మెల్లగా అమరావతి చేరతాం. రాజుపాలెంలో అతుకేసేవోడున్నాడు, ఇట్టా పోయి అట్టా వస్తా” అన్నాడు డ్రైవరు.

“దారిలో ఊడితే?”

“ఊడదనే అనుకుంటన్నానయ్యా.”

“అనుకుంటే సరిపోద్దంట్రా? లోపలున్నది ఒట్టి మనిషి కాదు. నేను బస్సెక్కి నరసరావుపేట పోయి కొత్త టైరు పట్టుకొస్తా.”

ఆయన పేట వెళ్లి తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుంది. పొద్దుగూకాక గర్భిణి పొలిమేర దాటకూడదు. అంటే కొత్త టైరు వేసుకుని కారు మళ్లీ గురజాలకే. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు దాటే పొలిమేరలకు మాత్రం ఆ పట్టింపు లేదట.

“అత్తయ్యా, అతుకేయిస్తే సరిపోతుందని మామయ్యగారితో ఒక్క మాట చెప్పండి” అన్నాను.

“మగోళ్లు చూసుకుంటారులేవే. నీకెందుకు ఆ దిగులు?” అని ఆవిడ విసనకర్ర నా వైపు తిప్పి విసరసాగారు. ఆ గాలికి కూడా నాకు ఒళ్లు మండింది.

అంతవరకూ నేను మామగారితో నేరుగా మాట్లాడి ఎరగను. ఆ ఇంట కోడళ్లెవరూ మాట్లాడరు. ఏమైతే అయిందని తెర పక్కకు లాగేశాను. “మామయ్యగారూ, అతుకే వేయించండి. నాకేం భయం లేదు. అమ్మ దగ్గరికి పోవాలి” అన్నాను. మాట పూర్తిగానే వచ్చింది.

ఆయన నా ముఖం చూడకుండా పక్కనున్న జొన్నచేను వైపు తిరిగారు. కోప్పడినా బాగుండేది. చానా మెత్తగా, అత్తగారితో అన్నారు: “అమ్మాయికి చెప్పు. కడుపుతో ఉన్న పిల్లని అతుకుల టైరు మీద పంపేంత గతిలేనోళ్లం కాదు మనం.”

అత్తగారు తెర సర్దేశారు.

సాయంత్రం కొత్త టైరు వచ్చింది. దారంతా ఒక్క కుదుపు లేకుండా కారు నన్ను గురజాల చేర్చింది. నేను ఏడుస్తుంటే వేవిళ్ల నీరసం ఇంకా పోలేదనుకుని మజ్జిగ ఇచ్చారు.

సంగతి తెలిసి అమ్మ వచ్చింది. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట మంచినీళ్లయినా ముట్టకూడదన్న పట్టింపు ఆమెది. పట్టింపుల్లో మావాళ్లూ తక్కువ తినలేదు. “ఒక్క పూట ఉండవే అమ్మా” అని బతిమాలాను. నా తల నిమిరి, ఎండిన నోటితోనే బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంటికి వచ్చినవాళ్లందరికీ మామగారు కోడలి కోసం కొత్త టైరు కొన్న సంగతి చెప్పేవారు. ఎంత అదృష్టవంతురాలివే అని వాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. నేను తలూపేదాన్ని.

నొప్పులు ముదిరిన రోజు నాకు ఒళ్లు తెలియలేదు. “అమ్మా, అమ్మా” అని గావుకేకలు పెట్టాను. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, “ఇక్కడే ఉన్నా తల్లీ, ఇక్కడే ఉన్నా” అంటూనే ఉన్నారు. మీరు కాదు అని అరవాలనిపించింది. అంత ప్రేమగా పట్టుకున్న ఆ చేతిని విదిలించుకోలేక నోరు మూసుకున్నాను.